బల్ల కింద పెట్టిన పటం

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో పిల్లల హస్తకళల పోటీకి వచ్చినవారందరికీ బల్ల మీద తళతళలాడిన ఫోటో ఫ్రేములు గుర్తుండే ఉంటాయి. బల్ల కింద అట్టపెట్టెలో ఉండిపోయిన మా అమ్మాయి ఫ్రేము మాత్రం ఎవరి కంటా పడి ఉండదు. "పప్పులూ తొక్కలూ అంటించినదానికి పురుగు పడుతుందండీ, ఏమీ అనుకోకండి" అని నిర్వాహకులలో ఒకరు ఎంతో మర్యాదగా చెప్పారు. ఏమీ అనుకోకూడదనే నేనూ ప్రయత్నించాను.

మా అత్తగారు ఇంట్లో దేన్నీ పారేయనివ్వరు. పిస్తా డిప్పలు ఒక డబ్బాలో, లోపలి పొర తీసి కడిగి ఆరబెట్టిన గుడ్డు పెంకులు మరో డబ్బాలో ఉంటాయి. అలమరలో చోటు లేదని ఏళ్ళ తరబడి విసుక్కున్న నేనే, నానమ్మా మనవరాలూ కలిసి ఆ డబ్బాలు ముందేసుకున్న నాలుగు సాయంత్రాలూ వంట మానేసి వాళ్ళ పక్కన కూర్చున్నాను. నున్నటి చెక్కకు జిగురు పట్టదు కనుక ముందు గరుకు కాగితంతో రుద్దారు. లోపలి అంచున మిరియాలు ఒక వరుస, ఆ పైన పెసలు, నాలుగు మూలలా అనాసపువ్వులు, వెలుపలి అంచున ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా పిస్తా డిప్పలు పేర్చారు. "నానమ్మా, చేప పొలుసుల్లా ఉన్నాయి కదూ!" అని అమ్మాయి మురిసిపోయింది. మిగిలిన ఖాళీలో జిగురు పూసి, గుడ్డు పెంకు ముక్కను దాని మీద బోర్లించి బొటనవేలితో మెల్లగా నొక్కితే, పెంకు చిట్లిపోయి, సన్నని గీతలతో పాలరాతి పలకలు పరిచినట్టు వచ్చింది. ఒక్క గీతా మనం గీసినది కాదు.

పురుగు మాట అబద్ధమని నేను అనను. రెండేళ్ళ క్రితం నేను తొందరపడి చేసిన ఫ్రేములో నెల తిరక్కుండా పెసలన్నిటికీ సూదిమొన బెజ్జాలు పడి, కింద అరమీద పిండి రాలింది. పురుగు గుడ్లు చాలాసార్లు గింజతోపాటే ఇంటికి వస్తాయి. అందుకే ఈసారి గింజలను మూతి బిగించిన సంచిలో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో వారం రోజులు ఉంచి, చల్లదనం పూర్తిగా పోయాకే సంచి విప్పాము. ముందే విప్పితే గింజలకు చెమ్మ పట్టి బూజు వస్తుంది. అంతా ఆరాక పైన పల్చగా వార్నిష్ పూశాము. ఫోటోకు గింజలు తగలకుండా మధ్యలో అట్ట చట్రం కూడా పెట్టాము. ఇవన్నీ చెప్పేలోపే ఫ్రేము బల్ల కిందికి వెళ్ళిపోయింది. గురివింద గింజలూ ఆముదపు గింజలూ విషం కనుక పిల్లల చేతికి ఇవ్వరాదని నిషేధిస్తే మాత్రం మొదట చేయెత్తేది నేనే.

ఇక బల్ల మీద ఉన్నవాటి సంగతి. వాటిలో నాలుగు ఒకే కిట్టులోంచి వచ్చినవి. రాళ్ళ రంగులూ వాటి వరుసా కూడా మారలేదు. వాటి మీద చల్లిన మెరుపు పొడి (గ్లిటర్) చాలావరకు ప్లాస్టిక్కే. దానికి పురుగు పట్టదన్నది నిజమే, కానీ అది బట్టలకూ తివాచీకీ అంటుకుంటే ఇల్లు వదిలిపోవడం కూడా అంత తేలిక కాదు. ఆ పిల్లల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని రాద్దామనుకున్నాను గానీ, డబ్బా మీద బొమ్మ చూసి అంటించడంలో పిల్లలు వెతుక్కునేది ఏముందో నాకు నిజంగా తెలియదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే: వచ్చే పోటీ నియమాలలో, ఫ్రీజరులో ఉంచి ఆరబెట్టిన గింజలనూ, పుస్తకాల బరువు కింద రెండు మూడు వారాలు నొక్కి ఎండించిన ఆకులనూ, తొక్కలనూ, పెంకులనూ అనుమతిస్తామని రాయండి. అనుమానం ఉంటే వాటిని గాజు మూత పెట్టెలో పెట్టి చూపించండి, కానీ బల్ల మీదే చూపించండి.

ఫ్రేము ఇప్పుడు అత్తగారి గదిలో, ఎండ పడని గోడకు ఉంది. నిన్న ఒక పిస్తా డిప్ప ఊడిపడితే ఆవిడ దాన్ని తుడిచి మళ్ళీ డబ్బాలో వేశారు. దరఖాస్తులు ఎప్పుడు ఇస్తారని అమ్మాయి అడుగుతోంది.