చల్లితే చాలునట!

కాలెండులా అనే పూలమొక్క పెంపకాన్ని బోధించే మహానుభావులందరూ ఒకే మంత్రంతో ఆరంభిస్తారు: "విత్తనాలు చల్లేయండి, చాలు." ఈ మంత్రం ఎంత మహిమ గలదంటే, దీనిని ఉచ్చరించిన తరువాత మట్టి, తడి, ఋతువు వంటి అల్పవిషయాల ప్రస్తావన ఎవరికీ అవసరపడదు.

వారి వీడియోలు చూసి తీరవలసినవి. ఇస్త్రీ చెదరని చొక్కాతో ఒక పెద్దమనిషి మడి ముందు నిలిచి, లోకాన్ని దీవిస్తున్నట్లు గుప్పెడు గింజలు విసురుతాడు. సంగీతం మోగుతుంది. మరుక్షణం అదే చొక్కాతో, అదే మడిలో, విరగబూసిన నారింజ రంగు పూల నడుమ మందహాసం చేస్తూ ప్రత్యక్షమవుతాడు. విత్తనానికీ పువ్వుకూ మధ్య ఉండవలసిన ఏడెనిమిది వారాలు ఏ గంగలో కలిశాయో తెలియదు. నత్తలు లేత మొలకలను మేసిన రాత్రి ఆయన ఎక్కడ ఉన్నాడో, కాడలకు పట్టిన పేనుబంకను ఎవరు కడిగారో, ఒత్తుగా మొలిచినవాటిని పీకి మొక్కకూ మొక్కకూ నడుమ 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉంచినది ఎవరో అడగరాదు. చొక్కాకు మట్టి అంటలేదు గనుక, అది ఆయన కాదని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

నిజానికి వంకర తిరిగి గరుకుగా ఉండే ఆ గింజ కోరేది స్వల్పం. దానికి చీకటి కావాలి. సుమారు ఒక సెంటీమీటరు లోతున పెట్టి, మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తే, వాతావరణం చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు వారాలలో మొలుస్తుంది. ఎండలు ముదిరాక విత్తితే ఆ మొక్క పూయడానికే మొరాయిస్తుంది.

"రాలిన గింజలు వాటంతట అవే మొలవడం లేదా?" అని మన గురువులు గద్దిస్తారు. మొలుస్తాయి. తల్లిమొక్క లెక్క లేకుండా రాల్చిన గింజలలో మట్టి పగుళ్ళలోకి జారినవి కొన్ని మొలుస్తాయి. మొలవనివాటికి వచ్చి సాక్ష్యం చెప్పే నోరు లేదు. మొక్కకు ఆ దుబారా చెల్లుతుంది. చిన్న పొట్లం కొనుక్కున్న మనిషికి చెల్లుతుందా?

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మడి బోసిగా మిగిలినప్పుడు, ఏమి తప్పు జరిగిందని ఎవరైనా దీనంగా అడిగితే ఈ పెద్దమనుషులు ఇచ్చే జవాబు మాత్రం నవ్వదగినది కాదు. "మీ హస్తవాసి మంచిది కాదు," అంటారు. ఎంత నిర్లజ్జ! లోతు చెప్పలేదు, కాలం చెప్పలేదు, కప్పమని చెప్పలేదు. ఎండుతున్న మట్టిపై పడి ఉన్న గింజ మొలవకపోతే దోషం నమ్మినవాడి చేతిదట! మొదటిసారి తోటపనికి పూనుకున్న మనిషి ఆ మాట నిజమనుకుని, పార మూలన పడేసి, మరి మట్టి ముట్టకుండా ఉండిపోతాడు. ఒక్క వాక్యం చెప్పడానికి బద్ధకించి ఒక మనిషి ఉత్సాహాన్ని చంపినవాడు, మరొకరి చేతికి వంక పెట్టడానికి సిగ్గుపడాలి.