సవరణ: నిర్భీక్ పిస్టల్ కాదు

మా ఆవిడ కోసం చిన్న పిస్టల్ వెతుకుతూ మొన్న రాసిన పోస్టులో తప్పులు దొర్లాయి. 2014లో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్‌ను పిస్టల్ అన్నాను. అది .32 బోరు (గొట్టం లోపలి కొలత) రివాల్వర్, అంటే తూటాలు గుండ్రంగా తిరిగే డ్రమ్ములో ఉండేది. ఆరు తూటాలు పడతాయి, బరువు దాదాపు అర కిలో.

ఇంకోటి పెద్ద తప్పే. నా లైసెన్సు మీదే మా ఆవిడా తుపాకీ వెంట పెట్టుకోవచ్చని రాశాను. కుదరదు. ఎవరి లైసెన్సు వాళ్లదే. తను విడిగా పర్లాకిమిడి కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. అమెరికా వీడియోలు చూసి అందరూ అడిగే 9 ఎంఎం బోరు పిస్టల్ మన దగ్గర మామూలు జనానికి నిషేధం.

స్లైడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిస్టల్ పైభాగం, దాని గురించి రాసింది మాత్రం మార్చడం లేదు. బరంపురం షాపులో ఖాళీ పిస్టల్ చేతికిస్తే, తను పళ్లు బిగించి రెండుసార్లు లాగినా స్లైడ్ సగంలోనే ఆగిపోయింది. నేను ముచ్చటపడ్డ మోడల్ కథ అక్కడితో సరి.