స్పీకర్ల వివరాల కాగితానికి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ లౌడ్‌స్పీకరు స్పెసిఫికేషన్ల కాగితం గారి సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి తమ విధేయుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఏ ఉత్తరంలోనైనా ఈ మాట తర్వాత అసలు సంగతి వస్తుంది. తమరిలో మాత్రం అసలు సంగతి ఎప్పుడూ అట్టడుగున, చుక్క గుర్తు పక్కన, చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది కనుక, నాది ముందే చెప్పేస్తున్నాను: తమరిచ్చే ప్రతి అంకెలోనూ సగమే ఉంటోంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనానికి అర్థమయ్యే తెలుగులో రాయాలని పోరాడిన మనిషి, సవర భాషకు నిఘంటువు కట్టిన మనిషి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఇప్పుడు ఉండి ఉంటే తమరికి కూడా ఒక నిఘంటువు కట్టవలసి వచ్చేది. ఆయన ఊరివాడినై ఉండి ఇంత బిగుసుకున్న భాషలో రాస్తున్నందుకు ఆయన మన్నించాలి. తమరి హోదాకు వాడుకభాష ఆనదని భయపడ్డాను.

పండగకు పాటలు వినడానికి ఒక జత స్పీకర్లు కొందామని బరంపురం వెళ్ళి, ఒక దుకాణంలో తమరిని చేతిలోకి తీసుకున్నాను. మొదటి గడిలో, తమరు పలికే అతి లోతు స్వరం నుంచి అతి సన్న స్వరం దాకా లెక్కగా, '45 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్' అని ఉంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, అదీ పడుచు చెవి అయితేనే. కాబట్టి ఆ పై రెండు కిలోహెర్ట్జ్ నా యాభై ఎనిమిదేళ్ళ చెవికి కాక మా చింతచెట్టు గబ్బిలాలకు ప్రసాదించారని అర్థం చేసుకున్నాను. ఇక కింది 45 సంగతి. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే, చుక్క గుర్తు పక్కన 'మైనస్ 10 డీబీ వద్ద' అని దొరికింది. అంటే ఆ లోతుకు దిగేసరికి తమరి గొంతు పది డెసిబెల్లు పడిపోయిందన్నమాట. డెసిబెల్లు శబ్దం గట్టితనానికి కొలత; పది తగ్గడమంటే చెవికి ఇంచుమించు సగం శబ్దం. నిజాయితీగా రాసేవాళ్ళు 'ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ' అని కొలత హద్దు చెబుతారు; అలా కొలిస్తే తమరి 45 ఏ 60 దగ్గరో ఆగేదేమో. మా సంతలో ధాన్యం కొనే ముసలివాళ్ళు ముందు ధర అడగరు; కుంచాన్ని గోపురం కట్టి పోస్తావా, కర్రతో తల చదును చేసి పోస్తావా అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడే తమరు చుక్క గుర్తు వెనక దాక్కున్నారు.

పైగా మా ముందుగది పన్నెండు అడుగుల పొడవు. రెండు గోడల మధ్య దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని తనంతట తానే ఉయ్యాల ఊగుతుంది. పెట్టెను మూలకు నెడితే ఇంకా రెచ్చిపోతుంది. ఆ సంగతి తమరికి తెలిసే అవకాశం లేదు, అందుకు తమరిని తప్పు పట్టను.

సెన్సిటివిటీ గడిలో, అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతారో చెప్పే చోట, మాత్రం తప్పు పట్టకుండా ఉండలేను. '88 డెసిబెల్లు, 2.83 వోల్టులు, ఒక మీటరు' అన్నారు. ఈ రెండూ ఎనభై మూడూ ఏ పంచాంగం లెక్కో అని విచారించగా, ఎనిమిది ఓముల (ఓమంటే కరెంటుకు స్పీకరు పెట్టే అడ్డుకు కొలత) స్పీకరుకు అంత వోల్టేజీ ఇస్తే ఒక వాటు అవుతుందని తెలిసింది. చక్కటి లెక్కే. కానీ రెండు గడుల కిందనే తమరు నాలుగు ఓములవారని రాసుకున్నారు. నాలుగు ఓములలో అదే వోల్టేజీకి రెండు వాట్లు ఖర్చవుతాయి. ఒక్క వాటు మీద తమరి అసలు పలుకు 85. మిగిలిన మూడు డెసిబెల్లూ మా యాంప్లిఫయరు జేబులోంచి తీసినవి. పక్కనే 86 డెసిబెల్లున్న ఎనిమిది ఓముల జత, వాటుకు వాటు లెక్కన తమరి కంటే గట్టిగా పలికేదై ఉండి కూడా, పాపం ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. మా పాత యాంప్లిఫయరు వెనుక '8 నుంచి 16 ఓములు' అని అచ్చువేసి ఉంది. తమరిని దానికి కట్టబెడితే సాయంత్రానికి దాని మీద అప్పడం కాల్చుకోవచ్చు.

150 వాట్ల గడి గురించి ఎక్కువ చెప్పను. అది తమరు పలికే శబ్దం కాదు, కాలిపోకుండా మోయగల బరువు. 75ను 150 చేసినా దక్కేది మూడు డెసిబెల్లే. ఈ విద్యలో తమరి పెద్దలు ఇంకా ఘనులు. ఒకప్పుడు మా ఇంట్లో ఉన్న టేప్ రికార్డరు ముఖం మీద '1000 వాట్లు పి.ఎం.పి.ఓ.' (రెప్పపాటు కాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే లెక్క) అనీ, వీపు మీద కరెంటు వాడకం 20 వాట్లనీ ఉండేది. ఇరవై తిని వెయ్యి మోసిన ఆ కూలీని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

అంకెల దగ్గర ఇంత పిసినారితనం చూపిన తమరు, పైపూత దగ్గరికి వచ్చేసరికి ప్రబంధకవులైపోయారు. 'వాల్‌నట్ సొగసు', 'శాటిన్ తెలుపు', 'పియానో నలుపు', 'బ్లాక్ యాష్'! ఈ నాలుగింట్లో ఏది తీసుకున్నా పాట మారదు, ధర మారుతుంది. లోపలి పెట్టె అన్నిటికీ ఒకటే: కలప నారను జిగురుతో కలిపి ఒత్తిన ఎం.డి.ఎఫ్. పలక. వెనీర్ అంటే దాని మీద అంటించిన మిల్లీమీటరు కూడా లేని నిజమైన చెక్క పొర. వినైల్ అంటే చెక్క బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్ రేకు. తమరి 'సొగసు' ఈ రెండింట్లో ఏదో తమరు రాయలేదు. కొమ్మును అరగదీసి, మెరుగుపెట్టి కొంగలను చేసే పనివాళ్ళ ఊరు మాది, స్వామీ. మెరుగు కొమ్ముదా, కొమ్ము ఫోటోదా అన్నది ఇక్కడ చిన్నపిల్లలు కూడా వేలితో రుద్ది చెబుతారు. నేనూ రుద్ది చూశాను. వెనుక అంచు దగ్గర రేకు అతుకు గోటికి తగిలింది. తడి తగిలితే ఆ అతుకు కింద ఏమవుతుందో నాకు తెలుసు: మా ఎం.డి.ఎఫ్. చెప్పుల స్టాండు ఒక్క వానాకాలానికే అడుగున పూరీలా ఉబ్బింది.

'బ్లాక్ యాష్' అని చదివి వినిపించగానే మా అమ్మ, "పండగ పూట నల్ల బూడిద రంగేటిరా, ఇంకేటీ దొరకలేదా?" అంది. యాష్ ఒక చెట్టు పేరని, బూడిద కాదని దుకాణం కుర్రవాడు సగం ఒడియాలో, సగం తెలుగులో పావుగంట నచ్చజెప్పాడు. ఆ పావుగంటలో సగం ఓముల మీద ఖర్చుపెట్టినా నాకు ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

చివరికి తమరిని వదిలేసి, చిన్నబుచ్చుకున్న ఆ 86 డెసిబెల్ల జతనే తెచ్చుకున్నాను. అదీ బ్లాక్ యాషే. ఇంటికి చేరిన మర్నాడే అమ్మ దుమ్ము పడకుండా రెండింటికీ నెత్తి నుంచి మెడ దాకా చిలకల కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పింది. సన్న స్వరాలు పలికే ట్వీటర్ల మీద చెరొక చిలక వచ్చింది. ఆ కుట్టు మందానికి ఎన్ని కిలోహెర్ట్జ్ దగ్గర ఎన్ని డెసిబెల్లు తరుగుతాయో, ప్లస్ ఆర్ మైనస్‌తో సహా, తిరుగు టపాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎనిమిది ఓములవాడు