కోరెషును వెతికినవారు నాతానును మరిచారు

2019 డిసెంబరు 19న ‘క్రిస్టియానిటీ టుడే’ సంపాదకుడు మార్క్ గల్లీ ఒక సంపాదకీయం రాశారు. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలన్నది దాని సారాంశం. ట్రంప్ వెంటనే ‘క్రిస్టియానిటీ టుడే’కు తీవ్ర వామపక్ష పత్రిక అన్న ముద్ర వేశారు. నిజానికి అది 1956లో సువార్తికుడు బిల్లీ గ్రాహం స్థాపించిన పత్రిక. బైబిలే ప్రమాణమని నమ్మే ప్రొటెస్టెంట్లు, అంటే అమెరికా ఎవాంజెలికల్ క్రైస్తవులు, తరతరాలుగా తమదిగా చదువుకుంటున్న పత్రిక. గ్రాహం కుమారుడు ఫ్రాంక్లిన్ రంగంలోకి దిగి, తన తండ్రి 2016లో ట్రంప్‌కే ఓటు వేశారని ప్రకటించారు. గల్లీ అడిగింది అది కాదు. 1998లో అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ నైతిక పతనంపై ఇదే పత్రిక రాసిన మాటలను ఆయన మళ్లీ అచ్చువేసి, ఆనాటి కొలమానం ఈనాటి అధ్యక్షుడికి ఎందుకు వర్తించదని అడిగారు.

ఆ కొలమానం ఒక్క పత్రికది కాదు. అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు శాఖ సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1998 జూన్‌లో ప్రజాప్రతినిధుల శీలంపై ఒక తీర్మానం చేసింది. నాయకులు చేసే ఘోరమైన తప్పును సహిస్తే సమాజపు మనస్సాక్షికి వాతపడుతుందని, చివరికి దేవుని తీర్పు తప్పదని అందులో రాసుకున్నారు. మత విషయాలపై ప్రజాభిప్రాయం సేకరించే పీఆర్‌ఆర్‌ఐ సంస్థ సర్వేలో, వ్యక్తిగత జీవితంలో అనైతికంగా ప్రవర్తించిన నేత కూడా పదవిలో నీతిగా నడుచుకోగలడని 2011లో ఒప్పుకున్న శ్వేతజాతి ఎవాంజెలికల్స్ 30 శాతం. 2016లో 72 శాతం. ఈ మధ్యకాలంలో బైబిలు మారలేదు, అభ్యర్థి మారాడు.

అందుకే సంఘం లోపలి నుంచి వస్తున్న ఈ విమర్శను ఉదారవాదుల పాట అని కొట్టిపారేయడం అన్యాయం. సంఘం తన నోటితో అన్న మాటనే ఆ విమర్శకులు సంఘానికి గుర్తుచేస్తున్నారు.

ట్రంప్‌ను సమర్థించిన పాస్టర్ల వాదనలో బలం లేదని నేను అనను. గర్భస్థ శిశువు ప్రాణం కోసం దశాబ్దాలపాటు కన్నీళ్లతో ప్రార్థించినవారు వాళ్లలో ఉన్నారు. ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల మద్దతుతోనే 2022 జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కునిచ్చిన తన పాత తీర్పును కొట్టివేసింది. వాళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ 2024లో రిపబ్లికన్ పార్టీ తన ఎన్నికల ప్రణాళికలోంచి గర్భస్రావంపై జాతీయ స్థాయి పరిమితి డిమాండును తీసేసింది. ఓట్లు ఎలాగూ తమకే పడతాయని తెలిసిన పార్టీ ఎవరి అలకకూ భయపడదు. ఆ ఏడాది కూడా శ్వేతజాతి ఎవాంజెలికల్స్‌లో పదిమందికి ఎనిమిదిమంది అటే ఓటు వేశారు.

రెండో వాదన వాక్యం నుంచి తెచ్చినది. యెషయా 45వ అధ్యాయంలో పారసీక రాజు కోరెషు దేవుణ్ణి ఎరుగనివాడు. అయినా దేవుడు అతణ్ణి తన పనికి వాడుకున్నాడు, ట్రంప్ కూడా అలాంటివాడే అంటారు. అది సరిపోదనుకుంటే ఇశ్రాయేలు రాజు దావీదును తెస్తారు. దావీదు వ్యభిచరించాడు, హత్య చేయించాడు, అయినా దేవుని హృదయానుసారుడు కాలేదా అని అడుగుతారు. రెండో సమూయేలు పన్నెండో అధ్యాయం తెరిచి చూడండి. ఒక పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పి రాజుకు కోపం తెప్పించిన ప్రవక్త నాతాను, ఆ కోపం చల్లారకముందే “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. దావీదు కథలో క్షమాపణ ఆ మాట తర్వాతే వస్తుంది. రాజభవనంలో అధ్యక్షుడి తలమీద చేతులుంచి ప్రార్థించి ఫొటోలు దిగిన పాస్టర్లలో ఆ మాట బహిరంగంగా అన్నవారెవరు? పాస్టరు పని అదే కదా. నాతాను నోరు మూయించి దావీదును ఉదాహరణగా చూపడం వాక్యాన్ని సగంలో కత్తిరించడమే.

నాతాను పని చేయబోయినవాళ్లకు ఏమైందో రసెల్ మూర్‌ను చూస్తే తెలుస్తుంది. సదరన్ బాప్టిస్టుల నైతిక వ్యవహారాల విభాగానికి ఆయన అప్పట్లో అధిపతి. గర్భస్రావాన్ని వ్యతిరేకించే సంప్రదాయవాది. 2016లో ట్రంప్‌ను విమర్శించినందుకు, మూర్ హృదయం లేని మనిషంటూ ట్రంప్ ట్వీట్ చేశారు. మరుసటి ఏడాది వందకు పైగా సంఘాలు మూర్ వైఖరి నచ్చక ఆ శాఖ ఉమ్మడి నిధికి కానుకలు ఆపేస్తామని బెదిరించాయి. 2021లో ఆయన ఆ శాఖనే వదిలేశారు. కొన్నాళ్లకు ఆయన చెప్పిన సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఒక చెంపమీద కొడితే రెండో చెంప చూపమన్న యేసు మాటను ప్రసంగంలో ఉదహరించిన పాస్టర్లను, ఈ ఉదారవాద మాటలు ఎక్కడ నేర్చుకున్నారని సొంత విశ్వాసులే అడిగారట. అది యేసు మాట అని చెప్తే, ఇప్పుడు అది పనికిరాదు, అది బలహీనత అన్నారట.

బిల్లీ గ్రాహం పేరు మన ఆంధ్ర క్రైస్తవులకు కొత్త కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఆయన ఆ ప్రాంతానికి వచ్చారు, ఆయన సంస్థ బాధితులకు ఇళ్లు కట్టించింది. అధ్యక్షుడు నిక్సన్‌తో చెలిమి ఆయనకు తీరని మచ్చ తెచ్చింది. 1972లో ఇద్దరూ యూదుల గురించి మాట్లాడుకున్న నీచమైన మాటల టేపు 2002లో బయటపడినప్పుడు ఆయన క్షమాపణ చెప్పారు. మత ఛాందసులకూ రాజకీయ కుడిపక్షానికీ పెళ్లి జరిగితే తనకు ఆందోళన కలుగుతుందని, కరడుగట్టిన కుడిపక్షానికి మతాన్ని వాడుకోవడం మీద తప్ప మతం మీద ఆసక్తి లేదని 1981లోనే ఆయన హెచ్చరించారు. 2011లో, తొంభై దాటిన వయసులో, రాజకీయాలకు దూరంగా ఉండవలసిందని, కొన్నిసార్లు గీత దాటానని ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన వారసత్వాన్ని నెత్తిన పెట్టుకున్నవారు ఈ మాటలను మాత్రం పక్కన పెట్టారు.

2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం, చర్చిల్లో వలసదారులను అరెస్టు చేయకుండా అధికారులను నియంత్రించే పాత నిబంధనను రద్దు చేసింది. శరణార్థుల రాకనూ ఆపేసింది. బహిష్కరణ ముప్పున్నవారిలో అత్యధికులు క్రైస్తవులేనని కొద్ది నెలలకే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఎవాంజెలికల్స్, కాథలిక్ బిషప్పులు కలిసి వెలువరించిన నివేదిక చెప్పింది. ఆరాధనకు వచ్చినవారికి భద్రత కోరుతూ క్రైస్తవ శాఖలైన మెన్నొనైట్లు, ఎపిస్కోపలియన్లు, యూదు సంస్థలు, టెక్సాస్ హిస్పానిక్ బాప్టిస్టులు కలిసి కోర్టుకెక్కారు. 1998లో ఆ తీర్మానం చేసిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఆ దావాలో చేరలేదు.