చీకట్లో ఆ ఫోన్ వెలుగేంటండీ!

'డ్యూన్' లాంటి సినిమాకి వచ్చి కూడా హాల్లో ఫోన్ తీసేవాళ్లని చూస్తే ఒళ్లు మండిపోతుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన ఎడారి గ్రహం కథని, ఆ సైన్స్ ఫిక్షన్ నవలని డెనిస్ విల్నవ్ 2021లో తెర మీదకి తెచ్చాడు. జోర్డాన్‌లో వాడీ రమ్ ఎడారికి, అబుదాబి ఇసుక దిబ్బలకి వెళ్లి మరీ తీశారు. డిజిటల్ కెమెరాతో తీసినదాన్ని ఫిల్మ్ మీదకి ఎక్కించి మళ్లీ స్కాన్ చేశారు, ఆ మెత్తదనం కోసం. ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. ఇంత కష్టమూ ముందు సీటాయన వాట్సాప్ వెలుగులో కొట్టుకుపోవడానికా?

పెట్టె సీన్‌లో నాకు నిజంగా ఏడుపొచ్చింది. హీరో పాల్‌కి పరీక్ష అది: చెయ్యి నొప్పి పుట్టించే పెట్టెలో ఉంది, బయటికి లాగితే చంపడానికి మెడ దగ్గర విషపు సూది. గదంతా మసక. నవల్లో ఇక్కడ అతని మనసులో మాటలు మనకి వినిపిస్తుంటాయి. సినిమాలో వాటి బదులు కళ్లు, బిగిసిన దవడ, ఊపిరి. ఆ మొహం కనబడకపోతే సీనే లేదు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో తెల్లటి వెలుగు భగ్గుమంది. చీకటికి అలవాటుపడ్డ కళ్లు ఒకసారి చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా సీన్ అయిపోతుంది.

"కాస్త ఆపుతారా అండీ" అని మెల్లగా అడిగితే, "ఒక్క మెసేజే కదండీ" అని విసుగు. తర్వాత ఇసుకలోంచి వచ్చే ఆ రాక్షస పురుగు నోరు తెరవగానే మళ్లీ ఫోన్ పైకి లేచింది, ఈసారి ఫోటో కోసం. మిగతా వాళ్లం ఎందుకొచ్చామనుకుంటున్నారు వీళ్లు? అంత అర్జెంటైతే బయటికెళ్లి చూసుకోవచ్చు కదా, తలుపు అక్కడే ఉంది!