గంగిరెద్దుకున్న క్యూఆర్ కోడ్ మా క్లబ్బుకు లేదు

మా కాలేజీ నగదు రహితమైంది. ఈ మాట నేననడం లేదు, సర్క్యులర్ అంటోంది. పారదర్శకత దృష్ట్యా విద్యార్థి క్లబ్బులేవీ ఇకపై నగదు రూపంలో విరాళాలు తీసుకోకూడదని ఆకుపచ్చ ఇంకు సంతకంతో నోటీసు బోర్డెక్కింది. ఆకుపచ్చ సంతకం పడ్డాక మనదేశంలో ఏదైనా నిజమే.

సర్క్యులర్‌లో ఒక చిన్న విషయం రాయడం మరిచిపోయారు. డబ్బు ఏ ఖాతాలో పడాలి?

మా సేవా క్లబ్బుకు నేను ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ని. అంటే, తేడా వస్తే మెమో అందుకునేవాణ్ణి. అందుకని అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి అడిగాను. కాలేజీ ఖాతాలో వేయకూడదట, ఆడిట్ అభ్యంతరాలొస్తాయట. క్లబ్బు పేరుతోనే తెరుద్దామంటే క్లబ్బుకు పాన్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు లెక్కలో మా క్లబ్బు ఇంకా పుట్టనేలేదు. "మరెలాగండీ?" అంటే, ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఎవరో ఒక స్టూడెంట్‌ది పెట్టేసుకోండి సార్, మాకు మాత్రం సంబంధం లేదు" అన్నారు. పారదర్శకత అంటే అవతల ఎవరూ కనపడకపోవడమని నాకు ఆ రోజే అర్థమైంది.

నుదుటి మీద క్యూఆర్ కోడ్ ఉన్న గంగిరెద్దు వీడియోను 2021లో సాక్షాత్తు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ట్విట్టర్‌లో పెట్టారు, చాలామంది చూసే ఉంటారు. ఆ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు ఎవరికి చేరుతుందో ఎద్దుకు కూడా తెలుసు. కోట్ల రూపాయల భవనాలున్న మా సంస్థ ఆ ఎద్దు పాటి ఏర్పాటు చేయలేకపోయింది. ఖర్చుకు భయపడ్డారా అంటే, యూపీఐ చెల్లింపుల మీద ఎండీఆర్ అనే కమీషన్ 2020 జనవరి నుంచే సున్నా.

సరే, స్టాల్ పెట్టాం. సెకండియర్ కుర్రాడు బండి మీద నుంచి పడ్డాడు, కాలికి రాడ్డు వేయాలి. ఫెస్ట్ రోజున మిర్చి బజ్జీలు, ప్లేటు ఇరవై. ట్రెజరర్‌గా ఉన్న థర్డియర్ పిల్లాడి సొంత సేవింగ్స్ ఖాతా క్యూఆర్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి బల్లకు అంటించాం. మొదటి వాయి దిగేసరికే దాని మీద నూనె పడింది. అయినా పర్లేదు, స్కాన్ అయింది.

కానిది సిగ్నల్. మూడు వేలమంది ఒక గ్రౌండులో చేరి రీల్స్ ఎక్కిస్తుంటే నెట్ ఎక్కడి నుంచొస్తుంది? బజ్జీ తీసుకున్న ప్రతివాడూ ఫోన్ ఆకాశానికి ఎత్తి సూర్య నమస్కారం మొదలుపెట్టాడు. ప్రాసెసింగ్ అని సున్నా తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ దొరికే చోటు క్యాంపస్ మొత్తానికి ఒక్కటే, లైబ్రరీ మెట్లు. బజ్జీతో సహా మెట్ల దాకా వెళ్లినవాళ్లలో మొదటి నలుగురు తిరిగి రాలేదు. దాంతో ట్రెజరర్ ఒక విధానం ప్రవేశపెట్టాడు. ప్రతి కస్టమర్ వెంట ఒక వాలంటీర్ బందోబస్తుగా వెళ్లి, డబ్బు పడ్డాకే వదిలిపెట్టి రావాలి. మధ్యాహ్నానికి స్టాల్‌లో ఉన్న ఆరుగురిలో ఒకడు బజ్జీలు వేస్తున్నాడు, ఐదుగురు ఎస్కార్ట్ డ్యూటీలో ఉన్నారు. వీఐపీ కాన్వాయ్ లాగా ముందు బజ్జీ ప్లేటు, వెనక సెక్యూరిటీ. మెట్లెక్కేసరికి బజ్జీ చల్లారుతుంది. "చల్లారిన బజ్జీకి ఇరవై ఎందుకివ్వాలి?" అని మెట్ల మీదే పంచాయితీ. ఒక ఈసీఈ కుర్రాడైతే ఒకే స్క్రీన్‌షాట్‌తో మూడు ప్లేట్లు తిన్నాడు. నాలుగోసారి వచ్చినప్పుడు ప్రతి చెల్లింపుకూ వేరుగా ఉండే పన్నెండంకెల యూటీఆర్ నంబరు పోల్చి పట్టుకున్నాం. అడిగితే, "నెట్ స్లో సార్, పాతదే చూపిస్తోంది" అన్నాడు. మంచి భవిష్యత్తున్న పిల్లాడు.

అసలు యూపీఐయే పడుకుంటే? 2025 ఏప్రిల్ 12న దేశమంతా కొన్ని గంటలపాటు అదే జరిగింది. అప్పుడేం చేయాలో సర్క్యులర్‌లో లేదు. బహుశా బజ్జీలు కూడా పడుకోవాలి.

వారం తర్వాత ట్రెజరర్‌కి వాళ్ల నాన్న ఫోన్. పెద్దాయన కొడుకు పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించడానికి బ్యాంకుకెళ్తే, మెషిన్ ఇరవై, ఇరవై, నలభై, ఇరవై అని కొడుతూనే ఉందట. పుస్తకం అయిపోయి కొత్తది తీసుకోవాల్సొచ్చింది. "ఏరా, బెట్టింగ్ యాపుల్లో పడ్డావా?" అని ఆయన, ఫోన్లోనే ఏడుస్తూ వాళ్లమ్మ. బజ్జీలమ్మా అంటే నమ్మరు. ఇంజనీరింగ్ చదివించేది బజ్జీలమ్మడానికా అని అదింకో గొడవ.

తర్వాత ఆడిట్ కమిటీ. ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుని ఆ పిల్లాడి బ్యాంకు స్టేట్‌మెంట్ మొత్తం చదివారు. క్లబ్బు డబ్బూ వాడి డబ్బూ ఒకే కుండలో ఉన్నాయి మరి. ఏ రాత్రి బిర్యానీ తిన్నాడో, రీచార్జ్ ఎప్పుడు చేసుకున్నాడో పరిశీలించాక, ఫలానా అమ్మాయికి నూట యాభై ఎందుకు పంపావని సంజాయిషీ అడిగారు. జిరాక్సుల డబ్బులట. రాతపూర్వకంగా ఇమ్మన్నారు.

వెనకటికి వినాయక చవితికి చందా పుస్తకం ఉండేది. రసీదు చింపి ఇస్తే, నకలు పుస్తకంలో మిగిలేది. పేరు, ఎంతిచ్చారు, సంతకం. పదో తరగతి తప్పిన కుర్రాళ్లు కూడా ఆ లెక్క గుడి అరుగు మీద చదివి వినిపించేవాళ్లు. మాకు ఎంటెక్‌లు, పీహెచ్‌డీలు ఉన్నాయి కాబట్టి స్క్రీన్‌షాట్లున్నాయి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు, నేనూ నవ్వాను. కానీ ఫెస్ట్ రోజు సాయంత్రం మా బ్లాక్ తుడిచే ఆయమ్మ స్టాల్ దగ్గరికొచ్చింది. కాలు విరిగిన పిల్లాడు ఆమెకు తెలుసు, రోజూ పలకరిస్తాడట. కొంగుముడి విప్పి, మడతలు పడిన ఐదు పది రూపాయల నోట్లు తీసింది. "బజ్జీలొద్దు బాబూ, ఇవి ఆ అబ్బాయికివ్వండి" అంది. మా పిల్లలు మర్యాదగానే చెప్పారు, "ఆంటీ, క్యాష్ తీసుకోకూడదంట, ఫోన్‌పే కొట్టండి." ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. నోట్లు మళ్లీ ముడేసుకుని, తనదే తప్పన్నట్టు పక్కకు జరిగింది.

ఏం తప్పు చేసిందయ్యా ఆవిడ? ఒకవైపు కోణార్క చక్రం, ఇంకోవైపు రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం, భాషల వరుసలో తెలుగులో పది రూపాయలని రాసి ఉన్న నోటు అది. అది చెల్లదని చెప్పడానికి మీరెవరు? పొద్దున ఏడింటికి వచ్చి మీ టాయిలెట్లు కడిగే మనిషి ఇచ్చే యాభైలో మీకు కనిపించిన నల్లధనం ఏమిటి? హాజరు తక్కువైన పిల్లల దగ్గర కండోనేషన్ ఫీజు కట్టించుకునే కౌంటర్ అద్దానికి క్యాష్ ఓన్లీ అని అంటించారు కదా, రసీదు అడిగితే తర్వాత రమ్మంటారు కదా, అక్కడికి రాదేం ఈ పారదర్శకత? ఆ కిటికీకి సర్క్యులర్ అంటించే దమ్ము లేదు గానీ, బజ్జీల బండి మీదా, ఆయమ్మ కొంగుముడి మీదా పెత్తనం!

నేను చేసింది కూడా గొప్ప పనేం కాదు. ఆ ఐదు నోట్లూ నేను తీసుకుని, నా ఫోన్ నుంచి యాభై కొట్టాను. లైబ్రరీ మెట్ల మీద నిలబడి, బందోబస్తుతో సహా. పడ్డాయి. దాతల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో నా పేరు పక్కన యాభై అని ఉంది, యూటీఆర్ నంబరుతో సహా. ఆయమ్మ రోజూ ఆ బోర్డు అద్దం తుడుస్తుంది.