పారే నీటి చేపను గాజు బౌల్‌లో వేసి అమ్మకండి

ఇప్పుడే చేపల షాపు నుంచి వచ్చాను. కోపంతో ఒళ్ళు మండిపోతోంది. తిరుపతిలో ఏ షాపో చెప్పను. చెప్పి కూడా లాభం లేదు, నేను చూసినంతలో అన్ని చోట్లా ఇదే తంతు.

ఫిల్టరుకు స్పాంజి తెచ్చుకుందామని వెళ్ళాను. నాకంటే ముందు ఒకాయన చిన్న పాపను వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు. పాప వేలు పెట్టి ఒక చేపను చూపించింది. అది హిల్‌స్ట్రీమ్ లోచ్. కొండవాగుల్లో రాయిని కరుచుకుని బతికే చేప. రెక్కలు రెండు పక్కలా వెడల్పుగా పరుచుకుని, పొట్ట రాయికి అదిమిపెట్టి ఉంటుంది. ఎంత ఉరవడిగా నీళ్ళు కొట్టినా జారిపోదు. షాపు అబ్బాయి దాన్ని "సక్కర్ సార్, అద్దమంతా అదే క్లీన్ చేసేస్తాది" అన్నాడు. నీలం రంగు రాళ్ళు వేసిన గుండ్రటి బౌల్‌లో వేసి చేతికిచ్చేశాడు. మోటారు లేదు, గాలి పంపు కూడా లేదు. దగ్గరికి వెళ్ళి చూశాను. అద్దానికి అతుక్కుని ఉంది, మొప్పలు టకటకా కొట్టుకుంటున్నాయి. మనుషులకైతే దాన్ని ఎగశ్వాస అంటాం.

ఆగలేక అడిగేశాను, అది పారే నీళ్ళ చేప కదా, బౌల్‌లో ఎట్లా బతుకుతుంది నాయనా అని. "ఏమీ కాదక్కా, దినామూ నీళ్ళు మారిస్తే సరిపోతాది" అన్నాడు. పాప వాళ్ళ నాన్న అడిగాడు, చచ్చిపోతే ఏంటి అని. దానికి ఆ అబ్బాయి చెప్పిన జవాబు ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. "పోతే ఇంకోటి తీసుకుపోండి సార్, మనకాడ స్టాక్ ఉండాది."

స్టాక్! బియ్యం బస్తాలా అది?

చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకునే నీళ్ళు 30 డిగ్రీలకొచ్చేసరికి ఏడున్నర దగ్గర ఆగిపోతాయి. వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. వాగులో నీళ్ళు రాళ్ళకు కొట్టుకుని నురగలు కక్కుతూ గాలిని కలుపుకుంటాయి కాబట్టి అక్కడి చేపకు అంత ఆక్సిజన్ అలవాటు. దాన్ని తెచ్చి కదలని నీళ్ళలో, మే నెలలో 40 దాటే మన ఊళ్ళో, మూతి ఇరుకు బౌల్‌లో పెడితే అది పెంచడం ఎట్లా అవుతుంది? చంపడమే. మెల్లగా చంపడం.

"అయితే ఈ చేపల్ని ఎవరూ పెంచకూడదా" అని అడిగేవాళ్ళుంటారు. పెంచొచ్చు. వాగును ఇంట్లో కట్టుకోగలిగినవాళ్ళు పెంచొచ్చు. అదేం బ్రహ్మవిద్య కాదు. ఎత్తు కంటే పొడవు ఎక్కువున్న ట్యాంకు తీసుకోండి, మూడడుగులైతే బాగుంటుంది. ప్లంబింగ్ షాపులో ముప్పావు అంగుళం పీవీసీ పైపు, వాటిని కలిపే ఎల్బోలు, టీ జాయింట్లు దొరుకుతాయి. పైపుల్ని ట్యాంకు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు పరవాలి. ఒక చివర పైపు మూతులకు స్పాంజి తొడగాలి, పిల్ల చేపలు లోపలికి పోకుండా. రెండో చివర నిలువు పైపుల మీద పవర్‌హెడ్లు, అంటే నీళ్ళలో మునిగి తిరిగే చిన్న మోటార్లు, కూర్చోబెట్టాలి. అవి అడుగు పైపుల్లోంచి నీళ్ళు లాగి, పైన స్పాంజి వైపుకు చిమ్ముతాయి. అంటే పైన నీళ్ళు ఒకే దిక్కుకు పారతాయి, కింద పైపుల్లోంచి వెనక్కి వస్తాయి. వాగంటే అదే, ఒకే దిక్కు పారుడు. మూలన ఒక మోటారు పెట్టి గిరగిరా సుడి తిప్పితే వాగు కాదు. ట్యాంకులో ఉన్న నీళ్ళు గంటకు 10 నుంచి 20 సార్లు తిరగాలి. వంద లీటర్ల ట్యాంకుకు గంటకు వెయ్యి నుంచి రెండు వేల లీటర్లు తోసే మోటార్లు కావాలి.

పైపుల మీద ఇసుక, గులకరాళ్ళు, వాటిమీద నున్నటి గుండ్రాళ్ళు. రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుసమని పొంగితే సున్నం ఉన్నట్టు, అది వద్దు, మన బోరు నీళ్ళలో ఉన్న సున్నమే చాలు. లైటు బాగా వేస్తే కొన్ని వారాలకు రాళ్ళ మీద పచ్చటి పాచి పడుతుంది. దయచేసి దాన్ని బ్రష్షుతో రుద్దేయకండి. ఆ చేపకు తిండి అదే. లోచ్ ఆ రాయిని అంచు నుంచి అంచుకు గీకుతూ పోతుంటే వెనకాల సన్నటి చార పడుతుంది. ఆ చార చూస్తూ గంటలు కూర్చోవచ్చు.

ఎండాకాలం ఫ్యాను గాలి నీటి పైభాగం మీద కొట్టేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అంతకు మించి చల్లబరచలేమనుకుంటే లోచ్ జోలికి పోకండి. జెయింట్ డానియోలు తెచ్చుకోండి, మన వేడి తట్టుకుంటాయి, ప్రవాహానికి ఎదురీదడమంటే వాటికి పండగ. ఇంకో మాట, తలకోనకు పోయి వాగులో చేపల్ని, రాళ్ళని మూటకట్టుకు రాకండి. అది శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. అక్కడి చేప అక్కడే ఉండాలి.

ఇంత చెప్పాక కూడా "కరెంటు బిల్లో" అంటారు చూడండి, అదీ నా అసలు మంట. షాపువాడినైనా క్షమిస్తాను, వాడికది పొట్టకూటి వ్యాపారం. మా ఇంటికి వచ్చిన పెద్దమనిషిని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. మా ఆయన తరఫు చుట్టం, పేరెత్తను. రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో "గుయ్యిమంటోంది, బిల్లు కూడా దండగ" అని నా ట్యాంకు మోటార్ల స్విచ్ ఆపేసి పడుకున్నాడు. పొద్దున నేను లేచేసరికి డానియోలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పెద్ద లోచ్ వెల్లకిలా పడి ఉంది. అడిగితే, "చేపలే కదమ్మా" అన్నాడు.

లెక్క చెబుతాను వినండి. పది వాట్ల పవర్‌హెడ్ రోజంతా తిరిగితే పావు యూనిట్ కూడా కాదు, నెలకు ఏడు యూనిట్లు. ఆయన పడుకున్న చోట రాత్రంతా ఏసీ నడిచింది. ఆ ఏసీ ఒక్క రాత్రికి తిన్న కరెంటులో సగంతో నా వాగు వారం రోజులు పైన పారేది.

నీళ్ళు ఆపితే ఏమవుతుందో మన ఊరికి తెలియకనా? 2021 నవంబరులో చూశాం కదా. కొండ మీది నీళ్ళు కపిలతీర్థం దగ్గర ఎట్లా విరుచుకుపడ్డాయో, వీధుల్లో బండ్లు ఎట్లా కొట్టుకుపోయాయో అందరి ఫోన్లలోనూ వీడియోలు ఉన్నాయి. వాగు పోయే దారిలో ఇళ్ళు కట్టాం, కాలువల మీద బండలు పరిచాం, చెరువుల్ని ప్లాట్లు చేసి అమ్ముకున్నాం. పారే నీటికి దారి ఇవ్వాలన్న జ్ఞానం ఊరికే లేనప్పుడు, మూడడుగుల ట్యాంకు దగ్గర ఎక్కడి నుంచి వస్తుంది?

షాపులవాళ్ళకు నేను అడిగేది ఒక్కటే. పారే నీటి చేప అమ్మేటప్పుడు కొనేవాళ్ళకు ఆ మాట చెప్పండి. మోటారు ఉందా, ట్యాంకు ఎంత పొడవుంది అని అడగండి. లేదంటే ఇవ్వకండి. ఆ పాపకు బౌల్‌కు బదులు ఒక చిన్న ట్యాంకు, ఒక స్పాంజి ఫిల్టరు, నాలుగు గప్పీలు ఇచ్చి ఉంటే మీకూ నాలుగు రూపాయలు ఎక్కువే మిగిలేవి.

ఇక చుట్టాలకు. మా హాల్లో ఆ స్విచ్ మీద ఎర్ర టేపు అంటించాను, బ్యాటరీ మీద నడిచే గాలి పంపు కూడా పక్కనే పెట్టాను. మీకు మోత అయితే లోపలి గదిలో పడక వేస్తాను. ఆ టేపు పీకితే మాత్రం పెద్దరికం చూడను, అర్ధరాత్రి అని కూడా చూడను, లేపి మరీ అడుగుతాను.